పాటకు మూలం ఎక్కడ?

'ఈమధ్య ఏం వింటున్నారు?' అని ఎవరైనా అడిగితే, అడిగినవాళ్ళకు అది కబుర్ల మధ్య దొర్లే చిన్న ప్రశ్న. మాకు కాదు. ఖవ్వాలీ వింటున్నామంటే 'మీవాళ్ళ పాటలేగా' అన్నట్టు ఒక చూపు చూస్తారు. అందులోనూ నుస్రత్ ఫతే అలీఖాన్ పేరు చెబితే ఆ చూపు సరిహద్దు దాకా పోయి వస్తుంది. త్యాగరాజ కీర్తనలు వింటున్నామంటే 'మీరు మిగతావాళ్ళలా కాదండీ' అని భుజం తడతారు. ఆ తట్టడంలోనే మా మిగతావాళ్ళందరికీ ఒక దెబ్బ ఉంటుంది. అసలేమీ వినడంలేదంటే 'అవున్లెండి, మీ మతంలో సంగీతం హరామ్ కదా' అని జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు.

అంటే మా ఇష్టం ఇష్టంగా మిగలదు. వాంగ్మూలం అయిపోతుంది. ఏ పాట నచ్చిందో చెప్పడం, ఏ దేశానికి విధేయులమో చెప్పడంగా మారిపోతుంది. నచ్చిందని చెప్పినా అనుమానమే, నచ్చలేదని చెప్పినా అనుమానమే.

అయినా చెబుతాం. ఈమధ్య మేం విన్న కొన్ని ఆల్బమ్‌ల గురించి, కొన్ని పాత రికార్డింగుల గురించి, మాకు తోచింది ఇక్కడ రాస్తున్నాం. బాగున్నచోట బాగుందంటాం. విసుగొచ్చినచోట విసుగొచ్చిందంటాం. ఒక ముస్లింకు ఒక ఖవ్వాలీ నచ్చకుండా ఉండే హక్కు కూడా ఉండాలి కదా! కాకపోతే వింటున్నకొద్దీ ఒక ప్రశ్న మమ్మల్ని వదలడంలేదు. పాట ఎవరిది? పాటను ప్రేమించేవాళ్ళు, పాడినవాళ్ళకూ వాళ్ళ మనుషులకూ ఏమైనా బాకీ పడతారా, పడరా?

ముందు నుస్రత్‌తోనే మొదలుపెడదాం. ఆయన 1997లో చనిపోయారు. 2024 సెప్టెంబర్‌లో ఆయన కొత్త ఆల్బమ్ ఒకటి వచ్చింది. పేరు 'చెయిన్ ఆఫ్ లైట్'. కొత్తదంటే కొత్తది కాదు. 1990లో ఇంగ్లండ్‌లో పీటర్ గేబ్రియల్ నడిపే రియల్ వరల్డ్ స్టూడియోలో పాడినవి. ఆ టేపులు ఏళ్ళ తరబడి గిడ్డంగిలో పడి ఉండి చివరికి బయటపడ్డాయి. నాలుగే పాటలు. మొత్తం నలభై నిమిషాల పైచిలుకు. హార్మోనియం, తబలా, చప్పట్లు, వెనకనుంచి అందుకునే గొంతులు, అంతే. తర్వాత రోజుల్లో ఆయన గొంతుకు గిటార్లూ యంత్రాల దరువులూ తగిలించి చేసిన ప్రయోగాలు చాలా వచ్చాయి. అవి మాకంత పట్టలేదు. ఆ ప్రయోగాల్లో ఆయన గొంతు వేరేవాళ్ళ ఇంట్లో అద్దెకున్నట్టు ఉంటుంది. ఇక్కడ తన ఇంట్లో తను కూచుని పాడినట్టుంది.

ఈ నాలుగింటిలో మూడోది 'యా గౌస్ యా మీరాఁ'. బాగ్దాద్‌లో నిద్రపోతున్న గౌసె ఆజం అబ్దుల్ ఖాదిర్ జీలానీని పిలుస్తూ పాడింది. మా ఊళ్ళల్లో గ్యార్వీ అని ఫాతెహా ఇచ్చేది ఆయన పేరు మీదనే. జెండా చెట్టు దగ్గర బెల్లపన్నం వండి, వాడకట్టంతా పంచిపెట్టే మా ముసలమ్మలకు ఫారసీ రాదు, పంజాబీ రాదు. చాలామందికి ఉర్దూ కూడా రాదు. కానీ ఆ పిలుపు తెలుసు. లయల్‌పూర్ గొంతు బాగ్దాద్ పీర్‌ను పిలుస్తుంటే గుంటూరు జిల్లా ముసలమ్మకు తన ఇంటి మాటలా వినబడుతుంది. దీన్ని ఏ దేశపు పాట అనాలి?

ఈ ప్రశ్న మేం ఊరికే వేయడంలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని టెర్రరిస్టులు కాల్చి చంపారు. ఆ చావులకు కూడా మేం మామూలు మనుషుల్లా ఏడవడానికి వీల్లేదు. ముందు ఖండన వినిపించాలి, ఆ తర్వాతే కన్నీళ్ళు. అది అలా ఉంచుదాం. మే 8న కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఒక సూచన జారీ చేసింది. పాకిస్తాన్ మూలం ఉన్న సినిమాలు, సీరియళ్ళు, పాటలు ఇంటర్నెట్ వేదికల మీద ఆపేయాలని అందులో ఉంది. ఆ వెంటనే చాలా పాటలు మాయమయ్యాయి.

'పాకిస్తాన్ మూలం' అన్న మాట దగ్గర ఆగుదాం. నుస్రత్ పూర్వీకులది జలంధర్. 1947లో అటు వెళ్ళారు. ఆయన 1948లో అక్కడ పుట్టారు. ఈ ఆల్బమ్‌లో చివరి పాట రాసింది అమీర్ ఖుస్రో. ఖుస్రో పుట్టింది ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని పటియాలీలో. 1325లో చనిపోయి ఢిల్లీలో తన పీర్ నిజాముద్దీన్ ఔలియా పాదాల దగ్గరే మట్టిలో కలిశాడు. పాట భాష ఫారసీ. రికార్డు చేసింది ఇంగ్లండ్‌లో. ఇప్పుడు చెప్పండి, దీని మూలం ఎక్కడ? ఖుస్రో ఉన్నప్పుడు పాకిస్తాన్ లేదు. మనకు తెలిసిన ఈ దేశపటం కూడా లేదు. 1947లో గీసిన గీతతో 1325కు ముందు రాసిన పాటను కొలవడం ఏం కొలత?

ఖవ్వాలీలో 'గిరహ్' అని ఒక పద్ధతి ఉంది. గిరహ్ అంటే ముడి. ఒక కవి పాట నడుస్తుండగా మధ్యలో ఇంకో కవి చరణం, ఇంకో భాషలోది తెచ్చి ముడివేస్తారు. ఫారసీ పాటలో పంజాబీ, పంజాబీలో బ్రజ్ భాష. ఎంత అతకనట్టు కనిపించిన చరణం తెచ్చి ఎంత అందంగా ముడివేస్తే అంత గొప్ప ఖవ్వాల్ కింద లెక్క. ఈ ముళ్ళు విప్పి ఒక్కో దారం ఏ దేశందో తేల్చుకోవాలనుకుంటే చేతిలో దారాలు మిగులుతాయి. గుడ్డ మిగలదు.

ఈ దేశం ఎప్పుడూ ఇలాగే ఉందని మేం అనం. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ కసూర్‌లో పుట్టినవాడు. విభజన తర్వాత కొన్నాళ్ళు అక్కడే ఉండి, ఇక్కడే పాడాలని తిరిగొచ్చాడు. 1957లో భారత పౌరసత్వం ఇచ్చారు. 1968లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. పాతబస్తీ దాయెరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది. ఒకప్పుడు పాటగాడికి ఈ దేశం తలుపు తీసింది. ఆయన శిష్యుడే, ఆయన పేరే పెట్టుకున్న గజల్ గాయకుడు గులాం అలీ. 2015 అక్టోబర్‌లో ముంబైలో ఆయన కచేరీ శివసేన బెదిరింపులతో రద్దయింది. ఆయన పాడదలచింది ఎవరికోసమో తెలుసా? చనిపోయిన జగ్‌జీత్ సింగ్ జ్ఞాపకార్థం. ఒక సిక్కు ఇంట పుట్టిన గాయకుడికి ఒక ముస్లిం గాయకుడి నివాళి అది. గురువుకు పౌరసత్వం, శిష్యుడికి మూసిన తలుపు. ఈ మధ్యలో మారింది పాట కాదు.

ఇక రెండో ఆల్బమ్. ఇది మా ఊరికి సంబంధించింది కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఉంటాం. అరూజ్ ఆఫ్తాబ్ అనే గాయని 'నైట్ రైన్' అని 2024లో తెచ్చింది. అంతకుముందు 'వల్చర్ ప్రిన్స్' తెచ్చింది, అందులో 'మొహబ్బత్' పాటకు 2022లో గ్రామీ అవార్డు వచ్చింది. మెహదీ హసన్ పాడి పేరు తెచ్చిన గజల్ అది. ఆమె దాన్ని సగం వేగంతో, సగం గొంతుతో పాడింది. చనిపోయిన తమ్ముడి దుఃఖంలో చేసిన ఆల్బమ్ కాబట్టి ఆ నెమ్మది అందులో ఒప్పింది. కొత్త ఆల్బమ్‌లో కూడా హార్ప్, డబుల్ బేస్, పియానో, వీటి మధ్యనుంచి పొగలా లేచే ఉర్దూ. అందులోని ఇంగ్లిషు పాటలు మమ్మల్ని అంతగా పట్టుకోలేదు. ఉర్దూలోకి రాగానే ఆ గొంతుకు నేల దొరుకుతుంది.

అందులో రెండు పాటలు 'నా గుల్', 'సాఖీ'. ఆ కవిత్వం ఎవరిదో తెలుసా? మహ్ లఖా బాయి చందాది. 1768లో పుట్టి 1824లో చనిపోయిన హైదరాబాద్ కవయిత్రి. నర్తకి. నిజాం దర్బారులో ఉమ్రావు హోదా పొందిన మనిషి. ఉర్దూలో దీవాన్ మిగిల్చివెళ్ళిన తొలి ఆడవాళ్ళలో ఒకరు. మౌలాలీ గుట్ట కింద, తల్లి కోసం తను కట్టించిన చోటనే ఆమె సమాధి ఉంది. అది పాడుబడిపోతే అమెరికా ప్రభుత్వ నిధితో బాగుచేయించారు.

ఇక్కడ కూడా మూలం వెతకండి. సౌదీలో పుట్టి, లాహోర్‌లో పెరిగి, న్యూయార్క్‌లో ఉంటున్న గాయని. 'సాఖీ'లో పియానో వాయించిన విజయ్ అయ్యర్ తమిళ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టినవాడు. మాట మాత్రం మౌలాలీది. హైదరాబాద్ ఆడమనిషి కవిత్వం రెండు వందల ఏళ్ళ తర్వాత న్యూయార్క్‌లో పాటైతే హైదరాబాద్‌లో ఎంతమందికి తెలిసింది? తెలుగు అకాడమీలకు ఆమె ఉర్దూ మనిషి. ఉర్దూ పెద్దమనుషులకు ఆమె తవాయిఫ్. పేరెత్తితే గౌరవం తగ్గుతుంది. ఆడదైనందుకు ఒకసారి, నర్తకి అయినందుకు ఒకసారి, ముస్లిం అయినందుకు ఒకసారి, మూడుసార్లు ఆమె పేరు చెరిగిపోయింది. ఇందులో రెండు చెరుపులు మావాళ్ళు చేసినవేనని చెప్పకపోతే ఈ వ్యాసానికి న్యాయం ఉండదు.

ఇంతవరకూ చదివిన మా సెక్యులర్ మిత్రులు చిరునవ్వు నవ్వుతూ ఉంటారు. 'మేం చెప్పేదీ అదే కదా, పాటకు మతం లేదు' అంటారు. మిత్రులారా, మా గొడవ అక్కడే.

మీరు మంచి మనసుతోనే ఆ మాట అంటారని మాకు తెలుసు. పాటను నిషేధించేవాడి కంటే మీరు వెయ్యిరెట్లు నయం. అయినా ఆ మాట మీరు ఎప్పుడెప్పుడు అంటారో ఒక్కసారి చూసుకోండి. బిస్మిల్లాఖాన్ షెహనాయి విన్నప్పుడు అంటారు. రెహమాన్ పాట విన్నప్పుడు అంటారు. బస్సులో జేబు కొట్టినవాడు దొరికి, పేరు మస్తాన్ అని తెలిస్తే 'దొంగతనానికి మతం లేదు' అని ఎవరైనా అన్నారా? ఎక్కడో బాంబు పేలిందంటే దానికి మతం ఉంటుంది. గొంతెత్తి పాడితే మాత్రం మతం ఉండదు. నేరానికి మతం అంటగట్టి, కళకు మతం తీసేస్తే ఇక మా లెక్కలో మిగిలేదేమిటి?

ఒక ఉదాహరణ. పాత నాదస్వర రికార్డింగుల్లో షేక్ చినమౌలానావి ఈమధ్య మళ్ళీ విన్నాం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. చిలకలూరిపేట ఆదంసాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్ళి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1999లో చనిపోయారు. ఆయన రాగం ఎత్తుకున్నప్పుడు తొందర ఉండదు. స్వరాన్ని పట్టుకుని అక్కడే నిలబెడతారు. గాలి అయిపోతుందేమో అని మనకు భయం వేస్తుంది, ఆయనకు వేయదు. ఆ తర్వాత వచ్చే చిన్న జారుడు దగ్గర మా ఒళ్ళు జలదరించింది. ఐదుసార్లు విన్నా జలదరించింది.

ఆయన గురించి మాట్లాడేవాళ్ళందరూ ఒకే మాట అంటారు: 'ముస్లిం అయ్యుండి కూడా!' ఈ 'అయ్యుండి కూడా' మాకు ముల్లులా గుచ్చుకుంటుంది. కోస్తా జిల్లాల్లో నాదస్వరం, సన్నాయి మోసిన చేతుల్లో ఎన్నో దూదేకుల చేతులు. ఎన్నో తరాలుగా పెళ్ళిళ్ళలో, దేవుడి ఊరేగింపుల్లో వాయించిన ఇళ్ళు అవి. వాళ్ళు ముస్లింలు 'అయ్యుండి కూడా' వాయించలేదు. ఆ ఊరి దూదేకులవాళ్ళు కాబట్టి, అది వాళ్ళ వృత్తి కాబట్టి, వాళ్ళ అబ్బలూ తాతలూ ఊపిరితిత్తులు అరగదీసుకుని నేర్పారు కాబట్టి వాయించారు. 'పాటకు మతం లేదు' అనగానే ఈ చరిత్ర అంతా ఎగిరిపోతుంది. చిలకలూరిపేట పోతుంది, కరవది పోతుంది, దూదేకుల కులం పోతుంది. గాల్లోంచి ఊడిపడ్డ ఒక అద్భుతం మాత్రం మిగులుతుంది. అద్భుతానికి ఎవరూ బాకీ ఉండరు. అదీ ఆ మాటలో ఉన్న సుఖం.

నాజర్‌ను తీసుకోండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్. బుర్రకథ అంటే నాజర్, నాజర్ అంటే బుర్రకథ. ప్రజానాట్యమండలితో తెలుగుదేశమంతా తిరిగాడు. పల్నాటి యుద్ధం చెబితే జనం రాత్రంతా కదలకుండా కూచున్నారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. పింజారి అంటే దూది ఏకే మనిషి. తెలుగులో అదే మాట తిట్టు. 'పింజారీ వెధవ' అని తిట్టేటప్పుడు నోటికి దూదైనా అడ్డం రాదు. నాజర్ గొంతు ఈ భాషకు కావాలి. నాజర్ కులం పేరు ఈ భాషలో తిట్టుగానే ఉండాలి. ఆయన ఆ తిట్టును తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. మా దృష్టిలో అది తెలుగు జాతి మీద వేసిన పెద్ద ప్రశ్న. జవాబు ఇంకా రాలేదు.

ఉత్తరాదిన 'మిరాసీ' అన్న మాటకూ ఇదే గతి. పాటగాళ్ళ కులం పేరు అది. అష్రాఫ్ ముస్లిం కుటుంబాల్లో అది తిట్టు. ఖవ్వాలీకి వాహ్‌వా అంటారు, ఖవ్వాల్‌కు పిల్లనివ్వరు. దూదేకులవాళ్ళను సగం ముస్లింలుగా చూసే సయ్యద్ గారూ, పింజారి అని తిట్టే చౌదరి గారూ ఈ ఒక్క విషయంలో అన్నదమ్ములు. గంగా జమునా తెహజీబ్ అని మురిసిపోయేవాళ్ళు ఆ నదుల ఒడ్డున ఎవరు ఎక్కడ కూచున్నారో కూడా చెప్పాలి.

ఇంటి సంగతి ఎత్తాం కాబట్టి హరామ్ సంగతి కూడా తేల్చుకుందాం. మాలీ దేశపు కుర్రాళ్ళ బృందం ఒకటుంది, సాంఘోయ్ బ్లూస్. 2015లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ పేరు 'మ్యూజిక్ ఇన్ ఎగ్జైల్'. ప్రవాసంలో సంగీతం. పేరు చూసి ఏడుపు పాటలనుకున్నాం. కాదు, కాళ్ళు ఆగని గిటార్లు. ఒక్కోచోట అన్ని పాటలూ ఒకే పరుగులా అనిపించి అలసట వస్తుంది. కానీ ఆ పరుగు ఎక్కడినుంచో తెలిస్తే ఆ అలసట అర్థమవుతుంది. 2012లో ఉత్తర మాలీని సాయుధ మూకలు పట్టుకుని, ఇస్లాం పేరుతో సంగీతాన్ని నిషేధించాయి. వీళ్ళు రాజధాని బమాకోకు పారిపోయి అక్కడ కలిశారు. నిషేధించినవాళ్ళూ అల్లాహ్ పేరే చెప్పారు. పారిపోయినవాళ్ళూ ముస్లింల మధ్య పుట్టి పెరిగినవాళ్ళే. 2013లో కశ్మీర్‌లో ముగ్గురు బడి పిల్లలు 'ప్రగాష్' అని బృందం పెట్టుకుంటే ముఫ్తీ గారు తప్పన్నారు. ఆ పిల్లలు వాయిద్యాలు కింద పెట్టేశారు. 2016లో కరాచీలో ఖవ్వాల్ అమ్జద్ సాబ్రీని నడిరోడ్డు మీద కాల్చి చంపారు. 2023లో హెరాత్‌లో తాలిబాన్ వాయిద్యాలు కుప్పపోసి తగలబెట్టారు.

సంగీతం గురించి మా ఉలమాల్లో వెయ్యేళ్ళుగా వాదం ఉంది. చిష్తీలు సమాను ఇబాదత్‌గా తీసుకున్నారు. ఇమాం గజాలీ తన 'ఇహ్యా'లో షరతులతో ఒప్పుకున్నారు. వద్దన్నవాళ్ళూ చాలామంది ఉన్నారు. వాదం ఉందంటేనే తీర్పు ఒక్కటి కాదని అర్థం. 'మీ మతంలో హరామ్ కదా' అనే పొరుగువాడూ, 'హరామ్' అని తుపాకి ఎత్తేవాడూ ఇద్దరూ ఆ వెయ్యేళ్ళ వాదాన్ని ఒకే దెబ్బకు కొట్టిపారేస్తున్నారు. అందులో ఖుస్రోను కూడా కొట్టిపారేస్తున్నారు.

అలాగని ఇంకో న్యాయం కూడా మరిచిపోకూడదు. హైదరాబాద్ కుర్రాడు రుహాన్ అర్షద్ పాడిన 'మియా భాయ్' ర్యాప్‌ను కోట్లమంది చూశారు. ఆ పాటలో మొగతనపు డాబు మాకు ఎక్కువే అనిపించింది. కానీ భాష! మా దక్నీ. 1965లో వచ్చిన 'గుమ్‌నామ్' సినిమాలో మెహమూద్ హైదరాబాదీ యాసతో నవ్వించిన నాటినుంచి హిందీ సినిమాకు మా మాట నవ్వులాటే. పాతబస్తీ కుర్రాడి నోట అదే మాట తలెత్తి నిలబడింది. అతను 2021లో, సంగీతం తన దీన్‌కు సరిపడదని చెప్పి మానేశాడు. మాకు బాధ కలిగింది. కానీ అది అతని నిర్ణయం. తన అంతరాత్మ చెప్పిందని గిటార్లు వదిలేసి, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ పట్టుకున్న యూసుఫ్ ఇస్లాం కూడా ఉన్నాడు. తన గొంతును తాను మూసుకునే హక్కు మనిషికుంది. ఎదుటివాడి గొంతు మూసే హక్కు ముఫ్తీకి లేదు, శివసేనకు లేదు, సర్కారుకు లేదు. మా నీతి సూత్రం ఇంతే. రెండు వైపులా ఒకటే తక్కెడ.

ఇక చివరి రకం సంగీతం. ఇది మేం కోరి విన్నది కాదు. మా కిటికీల్లోంచి దూసుకొచ్చింది. ఊరేగింపుల్లో డీజే పెట్టెల మీద మోగే ద్వేషపు పాటలు. ఇదిప్పుడు ఒక పెద్ద వ్యాపారం. దీని మీద కునాల్ పురోహిత్ అనే పాత్రికేయుడు 2023లో 'హెచ్-పాప్' అని పుస్తకమే రాశాడు. సంగీతంగా చూస్తే అందులో చెప్పుకోవడానికేమీ లేదు. నాలుగు దరువులు, ఒక కేక. కానీ ఆ పాటలకు అడ్రసు బాగా తెలుసు. బజారంతా మామూలుగా పోయి, మసీదు ముందుకు రాగానే వాల్యూమ్ పెరుగుతుంది. ఇది కొత్తదీ కాదు. 1926లో కలకత్తా మారణకాండ మొదలైంది మసీదు ముందునుంచి వాద్యాలతో పోయిన ఊరేగింపు దగ్గరే. ఆ పాట కిటికీ చువ్వల్ని వణికిస్తున్నప్పుడు, పిల్లలు తల్లి కొంగు పట్టుకుని 'అమ్మీ, వాళ్ళు మనల్నేనా తిట్టేది?' అని అడుగుతున్నప్పుడు, 'పాటకు మతం లేదు బేటా' అని చెప్పమంటారా?

పాటకు మతం ఉంటుంది. పాటకు కులం ఉంటుంది. ఊరుంటుంది, ఆకలుంటుంది, అబ్బా నేర్పిన దెబ్బలుంటాయి. పాట గొప్పతనం ఇవేవీ లేకపోవడంలో లేదు. ఇవన్నీ ఉండి కూడా, వీటితో ఏ సంబంధమూ లేని మనిషి గుండెలోకి పోగలగడంలో ఉంది. గేటు లేని ఇల్లు గొప్పదనం కాదు. గేటుండీ తెరిచిపెట్టడం గొప్పదనం.

అయితే పాట ముస్లింల సొత్తా అని అడుగుతారు. కాదు. హక్కు వేరు, రుణం వేరు. పాట మీద హక్కు వినే ప్రతి చెవికీ ఉంది. హైదరాబాద్‌లో పండిట్ విఠల్‌రావు జీవితమంతా ఉర్దూ గజల్ పాడి 2015లో చనిపోయారు. ఆయన్ను మేం ఏనాడూ మూలం అడగలేదు. ఆయనకు 'హిందువయ్యుండి కూడా' అనే సర్టిఫికెట్టు ఇవ్వలేదు. ఉస్తాద్ అన్నాం. తెలంగాణ పల్లెల్లో మొహర్రం నాడు అలావా చుట్టూ పీర్ల పాటలు పాడేవాళ్ళలో మాదిగలున్నారు, గొల్లలున్నారు, చాకళ్ళున్నారు. ఆ పాటలు ఏ ఆల్బమ్‌కూ ఎక్కలేదు. అవి తెలుగు పాటలు. అవి ముస్లిం పాటలు. రెండూ ఒకేసారి. ముస్లిం పాట అంటే ఉర్దూయే అనుకునేవాళ్ళకూ, తెలుగు పాట అంటే ముస్లింకు పరాయిది అనుకునేవాళ్ళకూ ఆ అలావా చుట్టూ చోటులేదు.

హక్కు అందరిదీ అయినప్పుడు రుణం కూడా అందరిదీ. ఆ రుణం ఏమిటి? పెద్దదేమీ కాదు. రాత్రి గజల్ విని కళ్ళు చెమర్చినవాళ్ళు పొద్దున్నే గేటుకు 'టు లెట్' బోర్డు కట్టి, అడగొచ్చిన మనిషి పేరు విని 'ఇప్పుడే ఇచ్చేశామండీ' అంటారు. ఆ బోర్డు నెలరోజులు అలాగే వేలాడుతుంది. మా పేర్లున్న ప్రతి ఇంట్లో ఈ అనుభవం ఉంది. గజల్‌కు తెరిచిన తలుపు గజల్ మాట్లాడే మనిషికి తెరుచుకోకపోతే ఆ చెమర్చిన కళ్ళకు అర్థమేమిటి? అందం మనిషిని మంచివాణ్ణి చేస్తుందని తత్వవేత్తలు చెబుతారు. మా అనుభవం అలా చెప్పడంలేదు. అందం తలుపు దాకా తీసుకొస్తుంది. గడియ తీయాల్సింది మనిషే.

అందుకని మా విన్నపం ఇది. మేం ఏం వింటున్నామో అడగండి, కానీ వాంగ్మూలంగా రాసుకోకండి. మాకు నుస్రత్ నచ్చాడంటే నుస్రత్ నచ్చాడనే అర్థం. మాకు త్యాగయ్య నచ్చాడంటే త్యాగయ్య నచ్చాడనే అర్థం. మీరు కూడా వినండి. నాదస్వరం వింటున్నప్పుడు కరవది పేరు తలచుకోండి. బుర్రకథ వింటున్నప్పుడు ఇంకెప్పుడూ పింజారి అని ఎవర్నీ తిట్టకండి. మౌలాలీ వైపు వెళ్ళినప్పుడు గుట్ట కింద ఒక కవయిత్రి ఉందని పిల్లలకు చూపించండి. పాటకు మూలం లేదని మేం అనం. ఉంది. అడిగేవాళ్ళు గెంటేయడానికి అడుగుతున్నారు. మేం గుర్తుపెట్టుకోవడానికి చెబుతున్నాం.